ఈరన్న బావిచేను

అనంతపురం జిల్లా సోమందేపల్లి కాపురస్థుడు, కీ.శే. పెద్దప్ప కొడుకు నల్లప్ప, వయసు 71, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా. ఇప్పుడు నాకు ఒళ్లు బాగాలేదు, బుద్ధి బాగానే ఉంది. పదమూడేళ్ల కిందట ఒళ్లు బాగుండి బుద్ధి బాగాలేదు.

1. తూర్పు పొలంలో బావితో సహా మూడెకరాలు నా తదనంతరం నా తమ్ముడు కీ.శే. ఈరన్న భార్య నీలావతికి సర్వహక్కులతో చెందవలెను. ఇది దానం కాదు. మా నాయన నోటిమాటగా ఈరన్నకిచ్చిన భాగం. కాగితం లేదు కదా అని నాదన్నాను.

1991లో గుడి ముందు పంచాయతీ పెట్టి, చేను నాదేనని కర్పూరం ఆర్పి ప్రమాణం చేయమన్నారు. చెయ్యి చాపాను. ఈరన్న నా చెయ్యి పట్టుకుని, "వద్దు అన్నా, సామి ముందర అబద్ధమాడొద్దు. చేను నువ్వే పెట్టుకో" అన్నాడు. భార్యాబిడ్డలతో హిందూపురం వెళ్లిపోయాడు. నేను గెలిచానని మీసం మెలేశాను.

2. ఇల్లు, తక్కిన ఎనిమిదెకరాలు నా కొడుకు ప్రవీణ్‌కు. నీళ్లున్న చేను పోతోందని నాతో మాట మానేశావు, తెలుసు. కోర్టుకెక్కితే ఈ కాగితమే చూపిస్తారు. మీ నాయన అబద్ధాలకోరని నువ్వే నలుగురిలో చదివించుకుంటావు.

3. పత్రాలు ప్రవీణే నీలావతికి ఇవ్వవలెను. చెప్పులు వీధిలో విడిచి, ఆమె కూర్చోమనేదాకా నిలబడవలెను. ఆమె వద్దంటే బలవంతం చేయరాదు. చేను బీడు పెట్టవలెను.

4. నా ట్రంకుపెట్టెలోని పాత టవలు ఈరన్న కూతురు కీర్తనకు. 1998లో హిందూపురం మార్కెట్‌కు చింతపండు వేసుకుపోతే, మూటలు దించే హమాలీల్లో ఈరన్న కనిపించాడు. "అన్నా, ఎండలో నిలబడొద్దు, ఈడికి రా" అని తన తలకున్న టవలు విప్పి నాకోసం అరుగు తుడిచాడు. ఎవరప్పా అని మండీ సావుకారు అడిగితే, ఎవరో హమాలీ అన్నాను. వాడు విన్నాడు. నా మూటే ఎత్తుకుని పోయాడు. టవలు అరుగు మీదే మరిచాడు. ఇద్దామని తెచ్చుకున్నాను. ఏడాది తిరక్కుండానే గుండె ఆగి పోయాడు. చావుకు వెళ్లడానికి మొహం చెల్లలేదు. ఆ టవలు ఉతకలేదు తల్లీ.

5. నా చావుకబురు చెప్పేటప్పుడు పెద్దరైతు నల్లప్ప పోయాడని చెప్పరాదు. హమాలీ ఈరన్న వాళ్లన్న పోయాడని చెప్పవలెను. ఆ రోజు మార్కెట్‌లో నేను అనాల్సిన మాట అంతే.

తేదీ: 14-3-2004

(సంతకం) నల్లప్ప, ఈరన్న అన్న

సాక్షులు:
కుళ్ళాయప్ప, ఆనాటి పంచాయతీ పెద్ద
వెంకటస్వామి, రిటైర్డ్ టీచరు, పెనుకొండ