పద్నాలుగో నంబరు సిస్టం

5 డిసెంబర్ 2005, సోమవారం

ఈరోజు కూడా ల్యాబ్‌లో నెట్ రాలేదు. వారం నుంచి ఇదే వరస. కారణం ప్రిన్సిపాల్ సుందరరావు గారికి ముందే తెలుసట: లైబ్రరీ అటెండర్ జోజప్ప. పద్నాలుగో నంబరు సిస్టంలో సినిమాలు దించుకుంటున్నాడట. జోజప్పకి యాభై దాటాయి. మౌస్ పట్టుకుంటేనే చెయ్యి వణుకుతుంది. అయినా రుజువు తెమ్మన్నారు. ల్యాబ్ ఇన్‌ఛార్జిని నేనే కదా.

6 మంగళవారం, ఉదయం 11

ఈథరియల్ వేశాను. నెట్‌వర్క్‌లో పోయే ప్రతి ప్యాకెట్టునూ పట్టి, ఎక్కడి నుంచి ఎక్కడికో చూపించే సాఫ్ట్‌వేర్. కావలసినవే ఏరి చూపించమని ఫిల్టర్ కొడితే సింటాక్స్ ఎర్రర్. పదిసార్లు. ప్యాకెట్లు పట్టేముందు పెట్టే ఫిల్టర్‌ది ఒక భాషట, పట్టాక చూడ్డానికి పెట్టేదానిది ఇంకో భాషట. ఎందుకు తల్లీ!

మధ్యాహ్నం 3

ఫిల్టర్ లేకుండానే పట్టాను. పది నిమిషాలకే నలభై వేలు.

8 గురువారం

జోజప్ప తప్పు లేదని చూపిద్దామనుకున్నాను. అతని సిస్టం తీసేసినా నెట్ నిండిపోతోందని తేలితే చాలు. పద్నాలుగో నంబరు అడ్రసు కానివే చూపించమని ip.addr != 192.168.0.14 అని కొట్టాను. ఎర్రర్ రాలేదు. రాసింది సరే అన్నట్టు ఫిల్టర్ పెట్టె ఆకుపచ్చగా మారింది. లిస్టు మాత్రం అలాగే ఉంది. అందులో పద్నాలుగూ ఉంది.

సార్ నా వెనకే నిలబడి ఉన్నారు. "తీసేసినా పోవట్లేదంటే ఎంత వాడుంటాడమ్మా!" అన్నారు. ఫిల్టర్‌లో ఏదో తేడా ఉందండి అన్నాను. ఏం తేడా అన్నారు. మాన్యువల్ చూడాలండి అన్నాను. రిపోర్టు ఆయన చెప్పారు, నేను టైపు చేశాను. సంతకం కూడా పెట్టాను.

9 శుక్రవారం

జోజప్పని పనిలోంచి తీసేశారు.

12 సోమవారం

నిన్నంతా మాన్యువల్ ప్రింటౌట్లు ముందేసుకుని కూర్చున్నాను. దొరికింది. ప్రతి ప్యాకెట్టుకీ రెండు అడ్రసులు: పంపేది, అందుకునేది. వాటిలో ఏ ఒక్కటి పద్నాలుగు కాకపోయినా నా ఫిల్టర్ దాన్ని చూపించేస్తుంది. రెండో అడ్రసు ఎప్పుడూ వేరేదే, అంటే అన్నిటినీ చూపిస్తుంది. రాయాల్సింది ఇలా: !(ip.addr == 192.168.0.14). ఒక ఆశ్చర్యార్థకం చోటు మారింది, అంతే.

ఈరోజు అలా కొట్టి చూశాను. నలభై వేలలో తగ్గినవి మూడు వందల పన్నెండు. మిగిలినవి దాదాపు అన్నీ మూడో నంబరు నుంచే, ముక్కూమొహం తెలియని అడ్రసులకి. వైరస్.

మూడో నంబరు ప్రిన్సిపాల్ గారి గదిలోది.

13 మంగళవారం

సార్‌కి చూపించాను. ఫార్మాట్ చేసెయ్యమన్నారు. మరి జోజప్ప సంగతేంటండీ అంటే, అయిపోయినదాన్ని కెలకొద్దన్నారు. ఫార్మాట్ చేశాను. నెట్ పరుగెత్తింది. పిల్లలు చప్పట్లు కొడుతుంటే ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం తిరువూరు బస్టాండులో జోజప్ప వాళ్ళ ఊరు పెనుగొలను బస్సెక్కాను. జోజప్ప భార్య జోజమ్మ కుర్చీ వేసింది. సార్ తొందరపడ్డారనీ, సాఫ్ట్‌వేర్ తిక్కదనీ చెప్పుకుంటూ పోయాను. జోజప్ప అంతా విని ఒకటే అడిగాడు.

"సంతకం మీదేనా మేడం?"

నాదే అన్నాను.

14 బుధవారం

ప్రిన్సిపాల్‌కి పైన ఉండే కరస్పాండెంట్ ప్రమీలారాణి గారిని కలిశాను. ఫిల్టర్లు వివరించబోతే ఆపేశారు. "తప్పెవరిదో ఒక్క ముక్కలో చెప్పండి." రిపోర్టు తప్పు నాదండి, వైరస్ మూడో నంబరుదండి అన్నాను. రాసిమ్మన్నారు. రాసిచ్చాను. ప్రిన్సిపాల్ గారు ఇక నన్ను బతకనివ్వరు.

19 సోమవారం

జోజప్ప మళ్ళీ చేరాడు. ల్యాబ్ వైపు రాలేదు. మధ్యాహ్నం నేనే లైబ్రరీకి వెళ్ళి నిలబడ్డాను.

"ఏ పుస్తకం కావాలి?" అన్నాడు. మేడం అనలేదు.