మైకు పడిపోయాక చదివిన వాక్యం

సెలూన్ అన్నకి,

ఎదురు వరుసలో బట్టలు కుట్టే నీ తమ్ముడి సలాములు. నిన్న గడ్డం సరిచేయించుకుందామని వస్తే, "కత్తి మొద్దుబారింది భాయ్, ఇంకెక్కడైనా చూసుకో" అన్నావు. ఇరవై ఏళ్ళలో నీ కత్తి మొద్దుబారగా నేను చూడలేదు. ఎప్పుడూ "ఏరా గురువా" అనేవాడివి భాయ్ అనేసరికి మాసిన గడ్డంతోనే వెనక్కి తిరిగాను.

సంగతి మా ఇంటావిడ చెప్పింది. శుక్రవారం మసీదులో ప్రసంగం వంతు నాదై మాట్లాడుతుంటే, "వాళ్ళు కనిపించిన చోటల్లా చంపండి" అన్న ఖురాన్ వాక్యం వీధంతా వినబడిందట. అది చదివి ఆవేశంలో బల్ల గుద్దాను. మైకు కిందపడి మూగబోయింది. తర్వాత అరగంట చెప్పింది లోపలివాళ్ళే విన్నారు.

నువ్వు వినని అరగంట ఇదీ. ఆ ఆజ్ఞ పద్నాలుగు వందల ఏళ్ళ కిందట, చేసుకున్న సంధిని తెంచి మీదపడినవాళ్ళ గురించి. మాట నిలుపుకున్నవాళ్ళ జోలికి పోవద్దని దాని ముందు వాక్యమే చెబుతోంది. తర్వాతి వాక్యమైతే, ఆ శత్రువుల్లో ఒకడు శరణంటే ఇవ్వు, భద్రమైన చోటికి చేర్చు అంటోంది. యుద్ధంలో శత్రువుకే అంత రక్షణ ఉంటే, ఇన్నేళ్ళుగా నా పీకమీద కత్తిపెట్టి నవ్విస్తున్న నీకెంత ఉండాలి?

తప్పంతా నా పిడికిలిదే. వచ్చే శుక్రవారం ముందూ వెనకా కలిపి మైకులోనే చదువుతాను, చేతులు వెనక్కి కట్టుకుని. ఎదురుగా వస్తే మళ్ళీ ప్రసంగం మొదలుపెడతానని, ఈ ఉత్తరం నీ తలుపు సందులోంచి తోస్తున్నాను.

విన్నాక నీకు నమ్మకం కుదిరితే, గుమ్మంలో నిలబడి ఒక్కసారి తువ్వాలు దులుపు. నా మిషను దగ్గరికి కనబడుతుంది. సూది గుడ్డలోనే వదిలేసి వచ్చేస్తాను.