ఐదు బుట్టల్లో నూటఐదు చేపలన్న పదకొండుమంది పిల్లల గురించి

చవుటపాలెం,
సూర్యలంక రోడ్డు, బాపట్ల తాలూకా.
17-6-1968, సోమవారం.

పాఠశాలల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు, చవుటపాలెం బ్రాంచి పోస్టుమాస్టరు వరప్రసాదం గారి కుమార్తె పుష్పలత, బి.యస్సీ., వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మూడవ తరగతిలోనే ఆపివేయబడిన పదకొండుగురు పిల్లలను చేపలు లేని లెక్కలతో మరల పరీక్షించుట గురించి.

1. అర్జీదారు గుంటూరులో గణితము చదివి పట్టము పుచ్చుకొని రెండేండ్లు అయినది. ఉద్యోగము రాలేదు. ఊరిలో శివరామయ్య మాష్టారు ప్రతి శనివారము పిల్లలకు ఇంటిపని ఇచ్చెదరు: ఇరవై మాటలు చూడకుండా వ్రాయుట, ఒక గుణింతము, అయిదు లెక్కలు. సోమవారము పలక చూపవలెను. అయితే ఈ పాలెంలో పలక ఇల్లు చేరిన పిమ్మట చెల్లెలు నాకుతుంది, నాయనమ్మ దానిపై ఎండుచేపలు పెడుతుంది, సోమవారానికి పలక కొన్ననాటి వలె నున్నగా ఉంటుంది. తల్లిదండ్రులకు అక్షరము రాదు. అందుచేత అర్జీదారు ఆదివారములు పిల్లలను పోస్టాఫీసు అరుగుపై కూర్చుండబెట్టి, వారి పని వారిచేత చేయించుచు వచ్చినది. ఇది దయతో చేసినదని అర్జీదారు చెప్పుకొనదు. తోచక చేసినది. పోను పోను ఆదివారము ఎప్పుడు వస్తుందా అని శుక్రవారము నుంచే చూడసాగినది.

2. చేసిపెట్టుట వేరు, చేయించుట వేరు అని తమకు విన్నవించుటకై ఒక్క ఉదాహరణ. పిల్లలకు ‘క’కు, ‘ఖ’కు తేడా తెలిసెడిది కాదు. అర్జీదారు ఒక్కొక్కరి అరచేతిలో కోడి నూగు, అనగా మెత్తని చిన్న ఈక, పెట్టి పలికించినది. ‘క’ అంటే నూగు కదలదు. ‘ఖ’ అంటే ఎగురుతుంది. సైకిలు షాపు బుడే సాహెబ్ గారి కుమార్తె మహమూదా ఒక్క ‘ఖ’తో నూగును వీధి దాటించగలదు. తక్కినవారికి గురువు ఆ పిల్లే. ఒక ఆదివారము రేపల్లె నుంచి అర్జీదారును చూచుటకు పెండ్లివారు వచ్చిన సమయమున పిల్లలందరూ కలిసి ‘ఖ’ అనగా, ఒక నూగు పెండ్లికొడుకు మేనత్త గారి కాఫీలో పడినది. ఆ సంబంధము నిలువలేదు. ఈ అర్జీకి దానితో పని లేదు గాని, సంగతి వచ్చినది గనుక వ్రాసితిని.

3. గత మార్చిలో తమరు తనిఖీకి దయచేసినారు. కుర్చీ వదలి పిల్లల మధ్యకు వచ్చి, వారికి తెలిసిన వస్తువుతోనే అడుగవలెనన్న మంచి మనసుతో, “ఒక్కో బుట్టలో ఇరవై చేపలు. అయిదు బుట్టల్లో ఎన్నర్రా?” అన్నారు.

“నూటఐదండీ!” అని పదకొండు గొంతులు.

“ఆలోచించి చెప్పండి.”

“నూటఐదేనండీ!”

“పోనీ మూడు బుట్టల్లో?”

“అరవైమూడండీ!”

తమరు తనిఖీ పుస్తకములో వ్రాసినది: “అందరిదీ ఒకే తప్పు. కనుక ఇంటిపని ఎవరో ఒకరే చేసిపెట్టుచున్నారు.” పదకొండుగురిని ఆపివేయవలెననియు, అరుగుపై చదువు మాన్పించవలెననియు, మాష్టారు సంజాయిషీ ఇచ్చుకొనవలెననియు ఉత్తరువు అయినది. గణితము చదివినదానను గనుక న్యాయముగా ఒప్పుకొనుచున్నాను: తమ స్థానమున నేనున్నా అట్లే అనుకొందును.

4. కాని అయ్యా, తరగతిలో పన్నెండవ పిల్ల మహమూదా. అదే అరుగు, అదే ఇంటిపని, అదే అర్జీదారు. ఆ పిల్ల మాత్రము “నూరండీ” అన్నది. అందరికీ ఒకరే చేసిపెట్టినచో ఈమె ఒక్కతెకు వేరే జవాబు ఎక్కడిది? ఈ ప్రశ్న అర్జీదారును కూడ కుదురుగా ఉండనీయక, ఆ సాయంకాలమే రత్తాలు అను విద్యార్థినిని పట్టుకొని అడిగించినది.

“ఏంటే రత్తాలూ, అయిదు ఇరవైలు ఎంత?”

“నూరండి.”

“మరి సారుతో నూటఐదన్నావేంటి?”

“సారు చేపలడిగారు గదండీ!”

నా అజ్ఞానమునకు జాలిపడి, ఆ పిల్ల నన్ను చేయి పట్టుకొని ఒడ్డుకు తీసుకొనిపోయినది. అక్కడ వాళ్లమ్మ కోటమ్మ బుట్టలోకి చేపలు ఎంచుచున్నది. “లాభం, రెండు, మూడు...” అని మొదలుపెట్టి ఇరవై అయిన తరువాత, ఇంకొక చేప తీసి పైన వేసినది. అడిగితిని.

“కొసరమ్మా!”

“అయితే ఇరవయ్యొకటి అయ్యాయి గదా, కోటమ్మా.”

“ఇరవయ్యే అయ్యాయి. కొసరు లేని ఇరవై కూడా ఇరవయ్యేనా? అంత చదువు చదివావంట, పోస్టుమాస్టారి అమ్మాయివి, ఆమాత్రం తెలవదా?”

తెలియదు. మొదటిదానిని ‘ఒకటి’ అనక ‘లాభం’ అందురని కూడ నాకు అప్పుడే పట్టుబడినది. ‘ఒకటి నుండి పది వరకు అక్షరములలో వ్రాయుము’ అన్నప్పుడు రత్తాలు ‘లాభం, రెండు, మూడు’ అని వ్రాయగా ఆరు నెలలుగా కొట్టివేయుచున్నది ఈ చేతులే. తమరు ఇటీవల తెనాలి నుంచి బదిలీయై వచ్చినారని వింటిని. అక్కడి మార్కెట్టులో వంకాయలకు కొసరు అడిగి పుచ్చుకొందురు. ఇక్కడ చేపలకు అడుగవలసిన పని లేదు, లెక్కలోనే కలిసియున్నది. చేపల ఇండ్ల పిల్లలు పదకొండుగురు ఇరవైకి ఇరవయ్యొకటి చొప్పున గుణించి ఒక్క చేప అయినా తప్పలేదు; సైకిలు షాపు ఇంటి మహమూదాకు ఈ కొసరు తెలియదు. తప్పుడు లెక్క చేయుటకు ఇంత లెక్క రావలెనా, అయ్యా?

5. తొందర ఎందుకనగా: రత్తాలు తప్పినదని తెలిసిన నాటి నుంచి కోటమ్మ మాట ఒక్కటే. “ఒకే తరగతి రెండేళ్లు చదివితే చదువు రెండింతలవుద్దా? ఆదివారం మా చెల్లెలొస్తంది. దాంతో యేటపాలెం పోయి జీడిపప్పు కొట్టుకుంటది.” అర్జీదారు బ్రతిమాలినది. మాష్టారు బ్రతిమాలినారు. “పాసని కాగితం తెండి, పంపను” అన్నది. జీడిగింజల రసము వేళ్లకు అంటిన చోట చర్మము ఊడివచ్చును. ఎక్కాలు నోటికి అప్పజెప్పునప్పుడు రత్తాలు ఆ వేళ్లమీదనే ఎంచుకొనును. పందొమ్మిదో ఎక్కము ఈ తాలూకాలో ఎనిమిదేండ్ల పిల్లలెందరికి వచ్చునో నాకు తెలియదు. ఈ పిల్లకు వచ్చును.

6. కావున ప్రార్థించునది:

(అ) ఈ శనివారము 22వ తేదీలోగా తమరు గాని, తమరు పంపినవారు గాని వచ్చి పిల్లలను పరీక్షించవలెను. కొసరు ఇవ్వని వస్తువులేవో ముందుగా రత్తాలునే అడిగి వ్రాయుచున్నాను: బస్సు టిక్కెట్లు, రైలుపెట్టెలు, బడి సెలవులు.

(ఆ) అనుమానము ఉన్నచో పరీక్ష జరుగునంతసేపు అర్జీదారును పోస్టాఫీసులో పెట్టి తాళము వేయవచ్చును. మా నాన్నగారి సమ్మతి తీసుకొన్నాను. తాళము నిజముగా పడునా అని ఆయన రెండుసార్లు అడిగినారు.

(ఇ) ఒక్కరు తప్పినను ఇక అరుగుపై ఎవరికీ అక్షరము చెప్పనని వ్రాసి ఇచ్చెదను. అందరూ నెగ్గినచో అరుగు మాకు విడిచిపెట్టవలెను. ఉద్యోగము ఏదైనా ఉన్నచో వద్దనను. కాని ఈ అర్జీ అందుకు కాదు.

శనివారము దాటినచో ఇది వట్టి కాగితము. అందుచేత అందిన వెంటనే చిత్తగించవలెనని వేడుకొనుచున్న

తమ విధేయురాలు,
పుష్పలత

తా.క.: పైన సంతకము చేసి కవరు అంటించబోవుచుండగా మాష్టారు బడి నుంచి వచ్చి చెప్పిన సంగతి. ఈ ఉదయము రత్తాలు మూడవ తరగతిలోకి పోలేదట. తిన్నగా వెళ్లి నాలుగో తరగతి బల్లపై మహమూదా పక్కన కూర్చున్నదట. “అమ్మాయీ, నీ పేరు ఇక్కడ లేదే” అన్నారట మాష్టారు. “పేరు తరవాత రాసుకోండి మాష్టారూ, పాఠం చెప్పండి” అన్నదట. లేపుటకు ఆయనకు మనసు రాలేదు. లేపకపోతే తమరు మరొక సంజాయిషీ అడుగుదురేమో అని భయము. నేనైతే లేపవద్దని చెప్పి పంపితిని. సారూ, దయచేసి త్వరగా రండి. పిల్ల తన చోట తాను కూర్చున్నది; ఇక కదలవలసినది రిజిస్టరే.