తలెత్తిన ముసలామె

లచ్చీ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మసిలే రంగునీళ్లు మీదపడి అప్పట్ల నా చెయ్యి, నీ మెడ కాలినయ్ గదా. నా చెయ్యికి ఆపరేషన్ అయింది. ముందుగాల నెల రోజులు బీడీ బందు పెట్టిచ్చిన్రు. తొడ తోలు తీసి అతికిచ్చిన్రు. వంకరపోయిన వేళ్లు జర సాగుతానయ్.

నువ్వు నీ మెడకు గూడ చేపియ్యమని అడిగిననాడు "ముసలిదానివి, సోకెందుకే?" అన్న. గదవ ఎదకు అతుక్కపోయి తల వంచుకునే బతికినవ్. మెడకు కొంగు కప్పుకుంటివి, తెల్వనోళ్లు "మొగని ముంగట తలెత్తది, ఎంత మర్యాదనో" అంటే నేను మీసం దువ్విన.

నిన్న దవాఖానల కట్టు ఇప్పే కాడ ఒక ముసలామె. ఆమెది నీ అసొంటి మెడనే, ఆపరేషన్ చేసిన్రు. కట్టు ఇప్పంగనే తల పైకెత్తి, పక్కనున్న మొగనితోని "ఏమయ్యో, ఫ్యానుకు బూజు పట్టింది సూడు" అన్నది.

ఆమె మొగడు నవ్విండు. నేను మొఖం గోడదిక్కు తిప్పుకున్న.