పదో రౌండుకు నేను వేసిన తొమ్మిది

ఇన్సేన్, రంగూన్

పైడమ్మప్పకు తమ్ముడు నూకరాజు నమస్కరించి రాయడం. నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బావ ఇంకా పొద్దున్నే బీచికి నడుస్తున్నాడా, మానేశాడా? పిల్లలు బాగా చదువుతున్నారని తలుస్తాను. నేనిక్కడ బాగానే ఉన్నాను, కంగారు పడకు. ఫోనులో నీ గొంతు వింటే ఇవన్నీ చెప్పలేను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తమ్మన్నగారు వైజాగు వస్తున్నారు, ఆయన తెచ్చి ఇస్తారు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. పదిహేను రోజులుగా ఉతికిన బట్ట ఆరలేదు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. పొద్దున రైలెక్కి లమ్మడాలో జిమ్ముకి పోతాను, పిల్లలకి గ్లోవ్స్ కట్టి గుద్దులు నేర్పుతాను, సాయంత్రం వస్తాను. పొద్దుటి పూట మొహింగా తింటాను. చేపల పులుసులో సేమ్యా వేసినట్టుంటుంది, మొదట్లో మొహం తిప్పుకున్నాను గాని ఇప్పుడు అలవాటైపోయింది. తమ్మన్నగారు తిరిగొచ్చేటప్పుడు కందిపొడి పంపు. ఎండు చేప మాత్రం వద్దు, ఈ ఊరంతా అదే వాసన.

నేనుండే ఇల్లు రమణమ్మది. వాళ్ళ తాత మన వైపు నుంచి రేవు పనికి వచ్చినవాడట. భర్త బర్మా ఆయన, పోయి చాలా కాలమైంది. వీధిలో వాళ్ళకి బర్మా మర్యాద ప్రకారం ఆమె డా రమణ, నాకు మాత్రం వచ్చిన మొదటి రోజు నుంచే అక్క. నన్ను తమ్ముడూ అని తప్ప పిలవదు. కొడుకు పోలయ్య. నిండా తొంభై అయిదు కిలోలు, గుమ్మంలో నిలబడితే ఇంట్లో వెలుతురు తగ్గుతుంది, మాట మాత్రం మెత్తన. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటానికి సిగ్గుపడతాడు. నన్ను మావ అంటాడు, సాయంత్రాలు నా దగ్గరే ఎడం చెయ్యి దిద్దుకున్నాడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అతనికి హెవీవెయిట్ బెల్టు పోటీ జరిగింది. ఈ ఊళ్ళో అంత బరువువాళ్ళకి గ్లోవ్స్ పోటీలో బెల్టు పెట్టడం ఇదే మొదలు అన్నారు. అవతలివాడు మాండలే నుంచి వచ్చాడు. ముగ్గురు జడ్జీల్లో ఒకాయన జ్వరంతో పడిపోతే, వైజాగులో నేను పాసైన జడ్జీ కాగితం ఎవరికో గుర్తొచ్చి నన్ను కూర్చోమన్నారు. నేను పోటీదారు ఇంట్లోనే తిని పడుకుంటున్నానని చెప్పాల్సింది. చెప్పలేదు అప్పా. చెబితే ఆ కుర్చీ పోతుంది. వైజాగులో ఇరవై ఏళ్ళు నన్ను నీళ్ళ సీసాలు అందించడానికే పిలిచారు తప్ప ఎవరూ కుర్చీ వెయ్యలేదు. ఒక్కసారి కూర్చోవాలనిపించింది.

రౌండుకి గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది, ఎటూ తేలకపోతే చెరో పది వేయాలి. ఒక రౌండు చెరో పదీ పోగా, తొమ్మిది రౌండ్లయ్యేసరికి నా లెక్కలో ఇద్దరూ సమానం. ఆఖరిదైన పదోది పోలయ్యది. అందులో అనుమానమే లేదు. మూడు దెబ్బలు శుభ్రంగా దవడ మీద పడ్డాయి, మాండలే అతని మోకాలు వంగింది. నేను కళ్ళారా చూశాను. గంట మోగే ముందు వెనక నుంచి రమణమ్మ గొంతు, తెలుగులో, హాలంతా వినబడేలా.

"తమ్ముడూ, సూస్తన్నావా? నీ మేనల్లుడ్ని సూస్తన్నావా?"

పక్క బల్ల దగ్గర కూర్చున్న సూపర్వైజరు తలతిప్పి నా వంక చూశాడు. ఆయనకి తెలుగు ముక్క రాదు. ఉత్తినే చూశాడు, అంతే. నేను మాత్రం తెలిసిపోయింది, మనవాడికి వేశాడంటారు అనుకున్నాను. గంట మోగింది. పోలయ్యకి తొమ్మిది వేసి చీటీ అందించేశాను.

ఇక్కడి పాత కుస్తీ గుద్దులాటలో పాయింట్లు ఉండవప్పా. చివరి గంటకి ఇద్దరూ నిలబడి ఉంటే ఇద్దరూ గెలిచినట్టే, చేతులు పట్టుకుని దిగిపోతారు. జనానికి అదే అలవాటు. వీళ్ళిద్దరూ నిలబడే ఉన్నారు గనక హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మాండలే అతను పోలయ్యని ఎత్తుకున్నాడు. రమణమ్మ ఏడుస్తూ పక్కవాళ్ళకి మిఠాయి పంచేసింది. అప్పుడు మైకులో పాయింట్లు చదివారు. ఒక జడ్జీ పోలయ్యకి, ఒక జడ్జీ మాండలేకి, మూడో జడ్జీ ఒక్క పాయింటు తేడాతో మాండలేకి. జడ్జీల పేర్లు చదవలేదు. సీసాలు రింగులోకి పడ్డాయి. జడ్జీలు డబ్బు తిన్నారని అరిచారు. తినుంటే ఆ మాటకి సిగ్గుపడేవాణ్ణి. నేను భయం తిన్నాను, దానికేమనాలో నాకు తెలియడం లేదు.

మర్నాడు కంటి డాక్టరు చూసి, పోలయ్య ఎడమ కంటి లోపలి పొర చిరిగిందని, ఇంకొక్క దెబ్బ తగిలితే చూపే పోతుందని చెప్పాడు. ఇక రింగు లేదు. మళ్ళీ పోటీ అడిగే దారీ లేదు. వాడికి ఉన్నది ఆ ఒక్క ఆదివారమే.

ఇంట్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. ఎందుకో మూడో రోజున తెలిసింది. చేప తలకాయ నా కంచంలో వేస్తూ రమణమ్మ అంది.

"మావోడికి పడ్డ ఆ ఒక్కటీ నువ్వేసిందేనని నాకు తెల్దేటి తమ్ముడూ. మిగతా ఆలిద్దరూ ఒకటైపోనారు. నువ్వేటి సేస్తావు, తిను."

కాదక్కా అనడానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆమె ఇంకా కూర వేసింది.

ఆ సాయంత్రమే పోలయ్య కంటికి కట్టుతో వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మావ, నువ్వు నాకే ఏసావు. మరి మిగతా ఇద్దరూ నాలో ఏటి తప్పు సూసారు? ఓడిపోనాను సరే. ఎందుకో తెలిస్తే సాలు."

అడగక అడగక తెలుగులో అడిగాడు. అప్పుడైనా నిజం చెప్పి కాళ్ళ మీద పడాల్సింది. నేనేమన్నానో తెలుసా? ఆఖర్లో నీ ఎడం చెయ్యి కిందికి దిగిపోయిందన్నాను. దిగలేదప్పా. పది రౌండ్లూ ఆ చెయ్యి గడ్డం దగ్గరే ఉంది. వాడు తలూపాడు. నేనే నేర్పిన చెయ్యి కదా, నమ్మేశాడు. నాలుగు రోజులుగా పొద్దున్నే గోడకెదురుగా నిలబడి, ఇక ఎవరితోనూ కొట్లాడే పని లేని మనిషి, ఎడం చెయ్యి పైకెత్తి పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. నేను చూడలేక వానలో స్టేషనుకి వెళ్ళిపోతున్నాను.

వచ్చేయమంటావని తెలుసు. ఎక్కడికని రాను? చెబితే వీళ్ళింట్లో నా చోటు పోతుంది, చెప్పకపోతే ఈ అన్నం సహించడం లేదు. నువ్వు మాత్రం దిగులు పెట్టుకోకు, జ్వరం గిరం ఏమీ లేదు. ఒంటికి బాగానే ఉన్నాను.

పెద్దనాన్నకూ, మన వీధిలో అడిగినవాళ్ళకూ నా నమస్కారాలు చెప్పు. ఎప్పుడూ నన్ను దీవించమని రాసేవాణ్ణి. ఈసారి నన్ను వదిలెయ్యి, అప్పన్న కొండకి పోయినప్పుడు పోలయ్య కంటి కోసం దండం పెట్టు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. నిన్న పోలయ్య ఆ రోజు వేసుకున్న గ్లోవ్స్ తుడిచి తెచ్చి నా మంచం మీద పెట్టాడు. "నాను గెలిచినానని రాసినోడివి నువ్వొక్కడివే మావ. ఇవి నీకాడే ఉండనీ" అన్నాడు. రెండు చేతులా తీసుకున్నాను.

నీ నూకరాజు