తొమ్మిదో ప్రశ్న

8 నవంబరు 1982, ఆదోని

మేడం సర్వే కాగితాలు ఇచ్చారు. నలభై. సైక్లోస్టైల్ ఇంకు ఇంకా ఆరలేదు, వేళ్లకు అంటింది. బి.ఎ. ఆఖరి సంవత్సరం వాళ్లం తలా ఒక సమస్య తీసుకుని, జనాన్ని అడిగి రాసుకురావాలి. మిగతావాళ్లకు తాగుడు, బీడీల పని, చిన్న వయసు పెళ్లిళ్లు వచ్చాయి. నాకు – ఆడపిల్లలు ఆటలు ఎందుకు మానేస్తున్నారు.

నాగరత్నా, నువ్వు స్కూల్లో ఖోఖో ఆడావు కదా, అందుకే నీకిచ్చాను, అన్నారు. కాలేజీలో చేరినప్పుడు దరఖాస్తుకు కర్నూలు పోటీల సర్టిఫికెట్ జత చేశాను. అది గుర్తుంది ఆమెకు.

ఆడానండీ, అన్నాను.

10 నవంబరు

పత్తి మిల్లులు మొదలయ్యాయి. పిన్ని వాళ్ల మిద్దె మీద ఆరేసిన చీరలన్నిటి మీదా దూది. దులిపి మడత పెట్టాను. ఇంకేం జరగలేదు.

14 నవంబరు, ఎమ్మిగనూరు

ఆదివారం. ఇంటికి వచ్చాను. నాన్న మగ్గం గుంతలోంచి లేవకుండానే అడిగాడు, సెలవులా అని. కాదు, మన వీధి ఆడవాళ్లను ప్రశ్నలు అడిగి రాసుకోవాలి, అదే చదువు అన్నాను.

"మన యీదోళ్లను అడిగేకి ఆదోనిలో సదవల్నా?"

నిజమే.

ప్రశ్నలు మొత్తం పన్నెండు. పేరు, వయసు, ఏ తరగతి దాకా, ఏ ఆట... తొమ్మిదోది – ఆట మాన్పించినది ఎవరు? తండ్రి, తల్లి, భర్త, పాఠశాల, ఇతరులు. ఒక్కో మాట పక్కన ఒక గడి. గడిలో టిక్కు పెట్టాలి. 'ఇతరులు' అయితే పక్కనున్న గీత మీద పేరు రాయాలి.

మాబున్ని అన్నీ నవ్వుతూ చెప్పింది. మా జట్టులో రెండేళ్లు ఆడింది. తొమ్మిదో ప్రశ్న చదివితే ఇంకా నవ్వింది. "ఎవురూ మాన్పీలేదే. ఓణీ యేసినాక యాడ పరిగెత్తేది?" ఓణీకి గడి లేదు. ఏం చేయాలో తెలియక 'ఇతరులు'లో పెట్టాను. గీత మీద ఓణీ అని రాశాను. మేడం ఏమంటారో.

సాయంత్రానికి ఆరు కాగితాలయ్యాయి.

15 నవంబరు

ఏడో కాగితం. సుంకులు.

అసలు పేరు సుంకులమ్మ. తొమ్మిదో తరగతిలో ఆమెను పట్టుకోగలిగిన పిల్ల మా జట్టులో లేదు, ఎదుటి జట్లలోనూ లేదు. డ్రిల్లు సారు ఈలే మరిచిపోయి చూసేవాడు. ఇప్పుడు బస్టాండు వెనక అత్తగారింట్లో ఉంటుంది. ఇద్దరు పిల్లలు. రెండో వాడిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తూ చెప్పింది. నన్ను చూసి సంతోషపడింది. అది ఎందుకో భరించడం కష్టమైంది.

తొమ్మిదో ప్రశ్నకు ఆలోచించలేదు.

"మాయమ్మ. నా ముందర పో అన్నె, నా ఎనక వద్దని రాయిచ్చె. ఆ పొద్దు నుంచి ఆమె ఏం సెప్పినా నమ్మేదిల్లేదు."

తల్లి ఇల్లు రెండు వీధుల అవతలే. కాన్పులకు కూడా పోలేదట. అత్తగారింట్లోనే కన్నది. అది కూడా మామూలుగానే చెప్పింది, పిల్లవాడి మడమకు నూనె రాస్తూ.

'తల్లి' దగ్గర టిక్కు పెట్టాను. చక్కగా పడింది.

16 నవంబరు, ఆదోని

బస్సులో సీటు ఉన్నా నిలబడే వచ్చాను. కారణం లేదు.

20 నవంబరు, ఎమ్మిగనూరు

హైస్కూలుకు పోయాను. డ్రిల్లు సారు తల పూర్తిగా నెరిసింది. సర్వే అని చెప్పగానే బీరువాలోంచి పురికొస కట్టిన కట్ట తీశాడు. ఆడపిల్లలను ఆటలకు పంపం అని తల్లిదండ్రులు రాసి పంపిన ఉత్తరాలు. పారేయడానికి మనసొప్పలేదట.

"తీస్కపోమ్మా. నా కాడుంటే సెదలే తింటాయి."

ఏడు ఉత్తరాలు. ఏడూ నా చేతిరాతే.

మర్చిపోయానని కాదు. ఒక్కచోట చూడలేదు, అంతే. మా నేతగాళ్ల వీధిలో హైస్కూలు దాకా వచ్చిన వాళ్లలో గుండ్రంగా రాసేది నేనే. ఎవరికి ఉత్తరం కావాలన్నా మా ఇంటికే వచ్చేవాళ్లు. ఇచ్చి రావడానికి కూడా నేనే, ఎటూ బడికే పోతాను కదా. ఊరికే ఉత్తరం రాసి ఊరుకునేదాన్ని కాదు. దస్తావేజులు రాసే ఆయన దగ్గర చూసి నేర్చుకున్న మాట ఒకటి ప్రతి ఉత్తరం అడుగున చేర్చేదాన్ని – చదివి వినిపించగా విని ఒప్పుకొని వేసిన వేలిముద్ర. పద్నాలుగేళ్ల పిల్లకు అదొక గొప్ప. పెద్దవాళ్లు కూడా ఆ మాట విని ముచ్చటపడేవాళ్లు.

కట్టలో మూడోది సుంకులు వాళ్లమ్మ నరసమ్మది.

21 నవంబరు

అన్నం తిన్నాను. తల రుద్దుకున్నాను. నాన్నకు దారం అందించాను. ఏమీ అనిపించడం లేదు. అనిపించాలి కదా...

23 నవంబరు, ఆదోని

ఇక్కడ రాస్తాను. ఇది ఎవరూ చూసేది కాదు.

కర్నూలు పోటీలకు పన్నెండు మంది. సారు రాసిన పట్టీలో నేను పదమూడో పేరు. ఎవరైనా ఆగిపోతే నేను. పోయేవాళ్లు ఇంటి నుంచి ఒప్పుకోలు ఉత్తరం తేవాలి. ఆ సాయంత్రం నరసమ్మ వచ్చింది. కండెలు చుట్టే పని మధ్యలో లేచి వచ్చింది, భుజం మీద నూలు పోగులు. గడప మీద కూర్చుని చెప్పింది – ఈ తూరి పంపిస్తాండాం, జాగర్తగా తోల్కపోయి జాగర్తగా తోల్కరండి అని రాయి పాపా.

నేను రాసింది ఇది. 'మా కుమార్తెను పోటీలకు పంపుటకు మాకు ఇష్టము లేదు. ఇకమీదట ఆటలకు పిలువవద్దని ప్రార్థన.'

తర్వాత చదివి వినిపించాను. కాగితం వైపే చూస్తూ, ఆమె చెప్పిన మాటలే చదివాను. తడబడలేదు. నరసమ్మ తలూపింది. జాగర్త అనే మాట రెండుసార్లు వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. ఆమె బొటనవేలికి పెన్నుతో ఇంకు రాసి, నేనే పట్టుకుని అద్దాను. నూలు ఒరుసుకుని ఒరుసుకుని ఆ వేలి మీద గీతలు సగం లేవు. ముద్ర సరిగ్గా పడలేదు. ఇంకోసారి అద్దాను.

మర్నాడు సారు మైదానంలో అందరి ముందే అన్నాడు, మీ అమ్మ వద్దని రాయించింది కదమ్మా అని. సుంకులు ఏడ్చింది. పక్కన కూర్చుని వీపు నిమిరింది నేను.

ఆ తర్వాత నెలకే ఆమె బడి మానేసింది. దానికీ నాకూ సంబంధం లేదని చాలాకాలం అనుకున్నాను.

కర్నూలులో నన్ను ఒక్క ఆటలో దింపారు. మేము తరిమే వంతు. వరసలో కూర్చున్నాను, మోకాలు నేలకు ఆనించి, ముందుకు వంగి. వెనక నుంచి ఎవరైనా ఖో అంటే లేచి పరిగెత్తాలి. వంతు మొత్తం అయిపోయింది. నాకెవరూ ఖో ఇవ్వలేదు.

దానికి సర్టిఫికెట్ ఇచ్చారు.

27 నవంబరు

మేడం ఉత్తరాలు చూశారు. చాలా సంతోషించారు. అద్దాలు తీసి, పెట్టి, మళ్లీ తీసి చూశారు. అనంతపురంలో విద్యార్థుల సభ జరగబోతోందట, నా వ్యాసం అక్కడ చదివిస్తారట.

"ఒక సంగతి గమనించావా? ఏడూ ఒక్కళ్లు రాసినవే. ఆ రాసినవాళ్లను పట్టుకో. వాళ్లను అడిగితే నీ వ్యాసానికి ప్రాణం వస్తుంది."

నేను పరీక్షల్లో రాసేది ఇప్పుడు గొలుసుకట్టు. ఆ గుండ్రటి రాత నాదని ఆమెకు తెలియదు. సరేనండీ, అడుగుతాను అన్నాను.

28 నవంబరు, ఎమ్మిగనూరు

నరసమ్మే మా ఇంటికి వచ్చింది. అదే గడప మీద కూర్చుంది. డ్రిల్లు సారు సంతలో కనపడి ఉత్తరం ఇంకా ఉందని చెప్పాడట. మనిషి చిక్కిపోయింది. మాట మాత్రం గట్టిగానే ఉంది.

బడివాళ్లే తన బిడ్డను తప్పించి తన మీదకు నెట్టారని ఇన్నేళ్లుగా ఆమె నమ్మకం. ఎంత చెప్పినా సుంకులు వినలేదు. తల్లి మాట కంటే సారు మాట ఎక్కువైంది. ఇప్పుడు ఉత్తరం దొరికింది కాబట్టి చిక్కు తీరిపోతుందని ఆమె సంబరం. మనవళ్లను ఇంతవరకూ ఎత్తుకోలేదు, దారిలో చూడటమే.

"రాసింది నువ్వే గద పాపా. వచ్చే ఆదివారం దాన్ని పిలిపిస్తా. దాని ముందర ఆ కాయితం సదువు. నా మాట యాడ నమ్ముతాది, నీ మాట నమ్ముతాది."

నాన్న మగ్గం ఆపి వింటున్నాడు. సరే అన్నాను. అందరికీ సరే అంటున్నాను ఈ మధ్య.

1 డిసెంబరు, ఆదోని

ఆలోచించాను. ఆ కాగితం నా పక్షమే. నాకు తెలియదంటే చాలు – నీ తల్లి చెప్పింది రాశాను, ఇదిగో వేలిముద్ర, విని ఒప్పుకుని వేసింది. ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరు. నరసమ్మ అబద్ధాలకోరు అవుతుంది, కాగితం సాక్షిగా.

లేదా అప్పటిలాగే కాగితం చూస్తూ, నరసమ్మ చెప్పిన మాటలే చదవొచ్చు. కానీ సుంకులుకు చదవడం వచ్చు.

పిన్ని అన్నానికి పిలుస్తోంది.

4 డిసెంబరు

నరసమ్మ ఉత్తరం నోటుపుస్తకంలో పెట్టుకున్నాను. తీసి చూడలేదు. చూడాల్సిన పని లేదు.

5 డిసెంబరు, ఎమ్మిగనూరు

నరసమ్మ ఇంటికి సుంకులు వచ్చింది. చిన్నవాడిని చంకనేసుకుని గడప లోపల నిలబడింది. చాప వేసి ఉన్నా కూర్చోలేదు. నరసమ్మ గిన్నెలో వేరుశెనక్కాయలు పెట్టింది, ఎవరూ ముట్టుకోలేదు. ఆమె మనవడి వైపు చూస్తూ నాతో, సదువు పాపా అంది.

విప్పాను. ఉన్నది ఉన్నట్టు చదివాను. మా కుమార్తెను... ఇష్టము లేదు... పిలువవద్దని... అడుగున నేర్చుకున్న ఆ మాట కూడా, చివరి దాకా.

నరసమ్మ అరవలేదు. అరుస్తుందనుకున్నాను.

"నేనట్ల సెప్పలేదే."

నాతోనే అంది, నెమ్మదిగా, అడుక్కుంటున్నట్టు. సుంకులు తల్లిని చూసింది. తర్వాత నన్ను చూసింది. చాలాసేపు.

"ఆ పొద్దు మాయమ్మకు సదివి ఇనిపిస్తివా?"

వినిపించానన్నాను.

"ఇదే సదివితివా?"

మగ్గాల చప్పుడు పక్కింటి నుంచి వస్తూనే ఉంది. అవును అనడం చాలా సులువు.

లేదు అన్నాను.

అంతే అన్నాను. ఎందుకో చెప్పలేదు. కర్నూలుకు ఎవరు పోయారో ఆమెకు తెలుసు. నరసమ్మ తన బొటనవేలు చూసుకుంటూ ఉండిపోయింది. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేదు. అడిగితే అది కూడా నా కోసమే అవుతుంది అనిపించింది.

సుంకులు తన సర్వే కాగితం ఇమ్మంది. ఇచ్చాను. నా పెన్ను తీసుకుని 'తల్లి' దగ్గర టిక్కును కొట్టేసింది. రెండుసార్లు కొట్టింది, కాగితం కొద్దిగా చిరిగింది. పెన్ను నా చేతిలో పెట్టింది.

"ఆడ ఏం రాయల్నో నువ్వే రాస్కో. మాయన్నీ నువ్వే రాస్తివి గద."

నేను బయటికి వచ్చేటప్పటికి ఆమె ఇంకా నిలబడే ఉంది. పిల్లవాడు మాత్రం శెనక్కాయల గిన్నె వైపు వంగుతున్నాడు.

7 డిసెంబరు, ఆదోని

మళ్లీ దూది. దులిపాను.

9 డిసెంబరు

మేడం అడిగారు, ఉత్తరాలు రాసినామె దొరికిందా అని. దొరికిందండీ అన్నాను. ఏమంటుంది? ఇంకా ఏమీ చెప్పలేదండీ. మొహమాటపడుతుందేమో, నెమ్మదిగా అడుగు అన్నారు. రేపు అన్నీ ఇచ్చెయ్యాలి.

ముప్పై తొమ్మిది కాగితాల లెక్క అయింది. ఏడోది పక్కన పెట్టాను. తొమ్మిదో ప్రశ్న ఖాళీ. 'ఇతరులు' పక్కన పేరు రాసుకునే గీత ఉంది, చిన్నది. పెన్నులో ఇంకు పోశాను.

నాగరత్న. వేలితో కొలిచి చూశాను. గీత సరిపోతుంది.