పడవ దేవతకు ఎవరి జుట్టు?

ఫుసాయె టీచర్ గారికి నమస్కారాలు.

వానలు మొదలయ్యాయి. మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? దివంగతులైన మీవారు గెన్‌జో గారి ఆక్టోపస్‌లను కుండల్లో పట్టే పడవ మా మ్యూజియానికి క్షేమంగా చేరింది. చెక్క ఎండి బీటలు తీయకుండా తడిగుడ్డలు కప్పుతున్నాం. నిన్న తెరచాప కొయ్య మొదట్లో పుచ్చు వెతుకుతుంటే మూత బిగించిన చిన్న గూడు బయటపడింది. లోపల పడవను కాచే దేవతకు పెట్టినవన్నీ భద్రంగా ఉన్నాయి: కాగితపు బొమ్మలు, పాచికలు, చిల్లర, దారంతో కట్టిన జుట్టు. పడవ కట్టేటప్పుడు యజమాని భార్య జుట్టు పెట్టడం మన ఆచారమే కదా! అందుకే ప్రదర్శనలో పక్కన పెట్టే పలక మీద "ఫుసాయె గారి జుట్టు" అని రాయించాను. శరదృతువులో ప్రదర్శన. మీరే తెర తీయాలి.

మీ పాత విద్యార్థి,
మినోబె

తా.క. జుట్టు ఇప్పటికీ నల్లగా నిగనిగలాడుతోంది. మా ఆఫీసంతా మెచ్చుకుంది.

*

మినోబెకు,

వాన నాకూ కిటికీలోంచి కనిపిస్తోంది. మోకాళ్ళు నా సొంత విషయం. ఆ పలక తీసెయ్. అది నా జుట్టు కాదు. కొత్తగా పెళ్ళయినప్పుడు ఆయన అడిగాడు. బళ్ళో సైన్సు చెప్పేదాన్ని, చెక్కలో జుట్టు పెడితే తుఫాను ఆగుతుందా అన్నాను. ఇవ్వలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పుడు తెలిసింది.

ఫుసాయె

తా.క. నిగనిగ అనే మాట ఇంకోసారి రాయకు.

*

పూజ్యులైన టీచర్ గారికి,

ఎండలు మండుతున్నాయి, చల్లటి బార్లీ టీ తాగుతూ ఉండండి. ఆ తరం ఆడవాళ్ళకు సిగ్గెక్కువని మా అమ్మ కూడా అంది. మీ పేరు తీసేశాం. ఇప్పుడు పలక మీద "యజమానికి ప్రియమైన ఒక స్త్రీ జుట్టు" అని ఉంది. మీ మనసుకు తగ్గట్టే ఉందనుకుంటాను.

విధేయుడు,
మినోబె

తా.క. పత్రిక వాళ్ళు వచ్చి పలకకు ఫొటో తీసుకున్నారు. ఆవిడ ఎవరని అడుగుతున్నారు.

*

మినోబెకు,

పలకరింపులు వదిలేస్తున్నాను. పడవ వెనక్కి పంపు. గొడ్డలితో కొట్టిస్తే ఈ చలికాలం స్నానాల పొయ్యికి సరిపోతుంది.

పత్రిక చూసి, పడవ కట్టిన వడ్రంగి చెల్లెలు కినుయొ ఇంటికి వెళ్ళాను; ఆ రోజుల్లో ఆయన రోజంతా వాళ్ళ వాకిట్లోనే ఉండేవాడు. "మా ఆయనకు నీ జుట్టు ఇచ్చావా?" అని అడిగాను.

"నీకు మతి పోయిందా అక్కా! ఆయన దగ్గర ఎప్పుడూ ఆక్టోపస్ కంపు. జుట్టివ్వడం మాట అటుంచు, గాలి మళ్ళితే ముక్కు మూసుకునేదాన్ని," అంది.

నా మొగుణ్ణి అంత మాటంటుందా! టీ ముట్టకుండా లేచి వచ్చేశాను.

ఫుసాయె

తా.క. ఆ జుట్టు పొడవెంతో కొలిచి రాయి. ఒక్క వాక్యం చాలు, మీ అమ్మ అభిప్రాయం అక్కర్లేదు.

*

టీచర్ గారికి,

బొటనవేలంత ఉంది.

మినోబె

తా.క. ఇది రెండో వాక్యం, క్షమించండి: మీ గొడ్డలి మాట విన్నప్పటినుంచీ మా డైరెక్టరు హాలు తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతున్నారు.

*

మినోబెకు,

పొద్దున్నే మంచు పడుతోంది. దగ్గు రాకుండా చూసుకో.

మా కాలంలో ఈ దీవిలో అంత పొట్టి జుట్టున్న ఆడది లేదు. పడవ నీళ్ళలోకి దింపిన రోజు ఆయన నున్నటి గుండుతో వచ్చాడు. ఏమిటిది అంటే, "పేలు పట్టాయి" అన్నాడు. పరుపులన్నీ ఉడకబెట్టాను. పేలు పోయాయని నాకు నమ్మకం కుదిరేదాకా వలల కొట్టంలో పడుకోబెట్టాను. తనే దిండు పట్టుకుని వెళ్ళాడు.

ఆయనకు పేలు లేవు.

పడవ అక్కడే ఉండనీ. పలక మీద ఇలా రాయించు: "యజమాని జుట్టు. భార్య ఇవ్వనంది." దేవతకు ఆడవాళ్ళ జుట్టే కావాలంటారు. అయినా ఆ పడవ ఏ తుఫానులోనూ బోల్తా పడలేదు. దేవత అంత నిశితంగా చూడదన్నమాట. తెర తీయడానికి వస్తాను.

ఫుసాయె

తా.క. కవరులో దారంతో కట్టిన నా జుట్టు కొంచెం ఉంది. తెల్లది, నిగనిగలాడదు. ఆయన జుట్టు పక్కన పెట్టి మూత బిగించు. పలక మార్చనక్కర్లేదు. సైన్సుకూ దీనికీ సంబంధం లేదు.